ఉత్తర కాలిఫోర్నియాలో పీతల ఉచ్చు: ఏ ఒడ్డుకు ఏ రాడ్, ఎక్కడ బస

చేపలు పట్టే రాడ్ పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో మూడు అంకెలు రాసి ఉంటాయి: ఎంత పొడవు, ఎంత బలమున్న దారం, ఎన్ని ఔన్సుల బరువు విసరొచ్చు. డంజనెస్ అనే జాతి పీతల కోసం శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల తీరానికి వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది ఆ మూడో అంకె. దుకాణాల్లో సర్ఫ్ రాడ్ పేరుతో అమ్మేవాటిలో చాలా వాటి మీద 1–4 ఔన్సులనే ఉంటుంది. అవి ఒడ్డున చేపలు పట్టడానికి బాగుంటాయి, పీతల ఉచ్చుకు పనికిరావు.

ఉచ్చు అంటే దారం చివర కట్టి రాడ్‌తో విసిరే చిన్న తీగ పెట్టె, అందులో ఎర కుక్కుతారు. దాని చుట్టూ గట్టి నైలాన్ దారంతో కట్టిన జారుముడులు ఉంటాయి, లాగితే పీత కాళ్ల చుట్టూ బిగుస్తాయి. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం ఆ ముడులు 6కు మించకూడదు. పెట్టెకు 3 నుంచి 5 ఔన్సుల సీసం తగిలించి ఉంటుంది. అందులో ఎరగా స్క్విడ్ (మెత్తటి సముద్రజీవి) నిండా కుక్కి, నీళ్లలో ముంచి తీసి, వంటింటి తూకం మీద పెట్టి చూడండి. 200 నుంచి 230 గ్రాములు తూగుతుంది, అంటే 7–8 ఔన్సులు. దీన్ని 2–6 ఔన్సుల రాడ్‌తో బలంగా విసిరితే కొన వంగిపోతుంది తప్ప ఉచ్చు దూరం పోదు. ఇంకా బలం పెడితే రెండు ముక్కలు కలిసే జాయింటు దగ్గర పగులుతుంది. అందుకే 6–10 ఔన్సులని రాసి ఉన్న రాడ్ తీసుకోవాలి. కనీసం 4–8 అయినా ఉండాలి.

వెనక్కి లాగేటప్పుడు రాడ్ మీద ఇంకా ఎక్కువ భారం పడుతుంది. పళ్లెంలా వెడల్పుగా ఉండే పీత నీళ్లలో అడ్డంగా నిలబడి లాగనివ్వదు. రెండు పడితే తడిసిన గోనెసంచిని ఈడ్చినట్టే ఉంటుంది. కొన మెత్తగా ఉన్నా ఫరవాలేదు, నడుము మాత్రం గట్టిగా ఉండాలి. పూర్తి గ్రాఫైట్ రాడ్ తేలికే కానీ రాయికి తగిలితే కంటికి కనబడని పగులు పట్టి, తర్వాతి విసురులో విరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ కలిసిన రాడ్ కొంచెం బరువైనా మోటు వాడకానికి తట్టుకుంటుంది. పీతలకు ఇదే మా ఓటు.

పొడవు మాత్రం చోటును బట్టి ఉంటుంది. అల విరిగే చోటు దాటించి విసరాలంటే 10½ నుంచి 12 అడుగులు కావాలి. రెండు ముక్కల 11 అడుగుల రాడ్ విప్పితే ఒక్కో ముక్క అయిదున్నర అడుగులు. వెనక సీటు మడిస్తే మామూలు కారులో పడుతుంది. 12 అడుగులది చాలా కార్లలో ముందు సీటు దాకా వస్తుంది. కొనేముందు పిడి చివరను చంకలో పెట్టుకుని చెయ్యి చాచండి. రీల్ (దారం చుట్టే చక్రం) బిగించే చోటుకు చెయ్యి హాయిగా అందాలి. అంతకంటే దూరంగా ఉంటే పది విసుర్లకే భుజం పట్టేస్తుంది.

రీల్ 8000 సైజు, దారం 50 పౌండ్ల బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన దారం. దాని ముందు 70–80 పౌండ్ల మోనో షాక్ లీడర్, అంటే విసురు అదటును తట్టుకునే మందపాటి ఒంటిపోగు దారం, తప్పనిసరి. విసిరే బరువులో ఔన్సుకు 10 పౌండ్ల లీడర్ అని పాతకాలపు లెక్క, ఇప్పటికీ అదే నమ్మకమైనది. లీడర్ ఎంత పొడవుండాలంటే, విసరడానికి సిద్ధమైనప్పుడు రీల్ మీద ఇంకా 5–6 చుట్లు మిగలాలి. ఇది లేకుండా విసిరితే ఒక్కోసారి బ్రెయిడ్ తెగి సీసం గుండు గాల్లోకి పోతుంది. ఒడ్డున మనుషులుంటే అది ప్రాణాంతకం. బ్రెయిడ్ చూపుడువేలిని కోస్తుంది కాబట్టి వేలికి తోలు తొడుగు ఉండాలి.

ఇక చోట్లు. కొత్తవాళ్లు మొదట బొడేగా బే దగ్గరున్న డొరాన్ బీచ్‌కే వెళ్లాలి. బొడేగా హెడ్ కొండ వాయవ్యం నుంచి వచ్చే అలలను ఆపుతుంది కాబట్టి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఉచ్చు ఇసుకలో దొర్లదు, 40–50 గజాలు విసిరినా పీత దొరికే అవకాశం ఉంది. 10½ అడుగుల రాడ్ చాలు. బసకు కూడా ఇదే అన్నిటికంటే నయం. సొనోమా కౌంటీ నడిపే క్యాంప్‌గ్రౌండ్ ఇసుక తిన్నె మీదే ఉంది. గుడారం నుంచి నడిచి వెళ్లి రాడ్ పాతొచ్చు, చీకటి పడ్డాక సామాను కారుకు మోసే బాధ లేదు. గాలి, పొగమంచు మాత్రం గట్టిగా కొడతాయి, గుడారానికి పొడవాటి మేకులు తెచ్చుకోవాలి. పీతల సీజన్ మొదటి వారాంతాలకు చోటు చాలా ముందే నిండిపోతుంది.

హాఫ్ మూన్ బే స్టేట్ బీచ్‌లో ఫ్రాన్సిస్ బీచ్ క్యాంప్‌గ్రౌండ్‌ను ఆరు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. బస బాగుంటుంది, ఊరు దగ్గర. కానీ సముద్రం ఎదురుగా తెరిచి ఉంటుంది. అలలు ఒడ్డుకు దగ్గర్లోనే విరిగి వెనక్కి బలంగా లాగుతాయి. 11–12 అడుగుల రాడ్, 5 ఔన్సుల సీసం లేకపోతే ఉచ్చు తిరిగి కాళ్ల దగ్గరికే వస్తుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. పక్కనే పిల్లర్ పాయింట్ హార్బర్‌లో, వాణిజ్య సీజన్ తెరిచి ఉన్నప్పుడు పడవల మీదే బతికున్న పీతలు అమ్ముతారు. వేట దొరక్కపోయినా వంట ఆగదు. హార్బర్ రాతి కట్టల మీద నాచు జారుడు. అక్కడ పొడవాటి రాడ్ కంటే మంచి బూట్లు ముఖ్యం.

పసిఫికా పియర్ (సముద్రంలోకి కట్టిన నడక వంతెన) పీతలకు పేరు మోసింది. పబ్లిక్ పియర్ కాబట్టి చేపల లైసెన్సు అక్కర్లేదు, బీచ్ మీదైతే 16 ఏళ్లు దాటినవాళ్లకు కావాలి. పియర్ మీద మనిషికి రెండు సాధనాలే అనుమతి. ఇక్కడ 12 అడుగుల రాడ్ తేవడం దండగ. జనం భుజాలు రాసుకుంటూ నిలబడతారు, వెనక్కి ఊపే చోటుండదు. 8–9 అడుగుల పొట్టి, బలమైన రాడ్ చాలు. నీటి నుంచి పైకెత్తేటప్పుడు పీత బరువంతా గాల్లో వేలాడుతుంది, అప్పుడు రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తితే కొన విరుగుతుంది. రాడ్ కిందికి దించి దారాన్నే చుట్టాలి. తుపానుల్లో ఈ పియర్ దెబ్బతిని మూతపడిన సందర్భాలున్నాయి, బయలుదేరే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

శాన్ ఫ్రాన్సిస్కోలో గీత గోల్డెన్ గేట్ వంతెనే. దానికి తూర్పున, బే లోపల, డంజనెస్ పట్టకూడదు. క్రిస్సీ ఫీల్డ్ దగ్గరి టార్పీడో వార్ఫ్ లోపలి వైపు, అక్కడ డంజనెస్ పడితే వెంటనే వదిలేయాలి. రాక్ పీతలు ఉంచుకోవచ్చు, వాటి పెద్ద కాళ్ల కొనలు నల్లగా ఉంటాయి. డంజనెస్‌కు తెల్లగా ఉంటాయి. వంతెనకు పడమరనున్న బేకర్ బీచ్‌లో డంజనెస్ పట్టొచ్చు. ఓషన్ బీచ్‌లోనూ పట్టొచ్చు గానీ అక్కడి లాగుడు ప్రవాహాలు భయంకరం, కొత్తవాళ్లకు వద్దు. మోంటారా, బొడేగా హెడ్ మెరైన్ రిజర్వుల్లో ఏదీ పట్టకూడదు.

వినోద వేటకు సీజన్ నవంబరు మొదటి శనివారం తెరుస్తారు. తిమింగలాలు తాళ్లలో చిక్కుకుంటాయని బోనులు ఆపిన రోజుల్లోనూ ఉచ్చులకు, రింగు వలలకు అనుమతి ఉంటుంది. రోజుకు 10 పీతలు. డిప్ప వెడల్పు 5¾ అంగుళాలు ఉండాలి, పక్కన పొడుచుకొచ్చిన ముల్లు కొసలను వదిలి దాని ముందరి అంచు నుంచి అంచుకు కొలవాలి. ముల్లు కలిపి కొలిస్తే చిన్న పీత కూడా సరిపోయినట్టు కనిపిస్తుంది, జరిమానా పడేది అక్కడే. డోమోయిక్ ఆమ్లం (పీతల్లో చేరే విషం) హెచ్చరికలను కాలిఫోర్నియా ఆరోగ్య శాఖ ప్రకటిస్తుంది. అవి ఉన్నా లేకున్నా లోపలి పసుపు పదార్థాన్ని తీసేసి, ఉడికించిన నీళ్లు పారబోయడమే క్షేమం.

విసిరాక పని ఇలా. దారం బిగించి రాడ్‌ను ఇసుకలో పాతిన గొట్టంలో నిలబెట్టండి. 10–15 నిమిషాలాగి, వదులుగా ఉన్న దారం చుట్టి, కొన నీళ్ల వైపు వంచి, ఒక్కసారి బలంగా వెనక్కి గుంజండి. ముడులు బిగుస్తాయి. అక్కడి నుంచి ఒడ్డు దాకా చుట్టడం ఆపకూడదు. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగినా ముడి వదులై పీత నడిచి వెళ్లిపోతుంది. ఖాళీ ఉచ్చులకు ఎక్కువసార్లు కారణం ఇదే, ఎర కాదు. చివరి పది గజాల్లో రాడ్‌తో ఎత్తకుండా అలతో పాటు ఇసుక మీదికి జార్చండి. స్క్విడ్‌కు పీతలు త్వరగా వస్తాయి. సీ లయన్లు తిరిగే చోట కోడికాలు మేలు, వాటికి అది అంతగా నచ్చదు.

అల ఎత్తు 4 అడుగులు దాటినా, రెండు అలల మధ్య వ్యవధి 15 సెకన్లకు పెరిగినా ఆ రోజు ఒడ్డు వదిలేయండి. ఇక్కడ స్నీకర్ వేవ్ అంటే చాలాసేపు మామూలుగా ఉండి ఉన్నట్టుండి ఎగబాకే అల, మనుషులను లాక్కుపోతుంది. వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే ఛాతీ దాకా వచ్చే ప్యాంటు) వేసుకుంటే నడుము బెల్టు బిగించాల్సిందే, లేదంటే నీళ్లు నిండుతాయి.

అదే ప్రయాణంలో సర్ఫ్ పెర్చ్ అనే చేపను కూడా పట్టాలంటే రెండో రాడ్ తీసుకెళ్లడమే సరైనది: 9–10 అడుగులు, ½–3 ఔన్సులు, 4000 రీల్, 15–20 పౌండ్ల బ్రెయిడ్. 1–2 ఔన్సుల జారుడు సీసం, పూస, స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే కొక్కెం), రెండడుగుల సన్న లీడర్, 4 లేదా 6 నంబరు గాలం. రెడ్‌టెయిల్ పెర్చ్‌ను ఉంచుకోవాలంటే అది 10½ అంగుళాలుండాలి. ఒక్క రాడ్‌తోనే గడపాలంటే 10½ అడుగులు, 3–8 ఔన్సులది తీసుకుని ఉచ్చు సీసాన్ని 3 ఔన్సులకు, స్క్విడ్‌ను సగానికి తగ్గించండి. డొరాన్‌లో ఈ సర్దుబాటు పనిచేస్తుంది, హాఫ్ మూన్ బేలో పనిచేయదు. పెర్చ్ కొరికినప్పుడు చేతికి తెలియడం కూడా తగ్గుతుంది.

బసకు చేరాక రాడ్, రీల్ మంచినీళ్లతో కడగండి. జాయింటు విప్పి ఇసుక తుడిచి కొంచెం కొవ్వొత్తి మైనం రాయండి, విసిరినప్పుడు తిరిగిపోదు. వంకర పోయిన ఉచ్చు ముడులను వేడి నీళ్లలో ముంచి చేత్తో సాగదీస్తే మళ్లీ గుండ్రంగా తెరుచుకుంటాయి. చివరగా చిన్న దూదిని రాడ్ మీద దారం దూరే ఒక్కో గైడ్ రింగులో తిప్పండి. పోగు చిక్కుకున్న రింగు లోపల పగులుంది, రేపు బ్రెయిడ్‌ను కోసేది అదే.