పిల్లల ప్రకటనలు: అసలు చూపించకపోవడం మేలా, పక్కన కూర్చుని చూడడం మేలా?

ప్రకటన చూడడం, అది కొనమని ఏడవడం, చివరికి మనం కొనడం. దీన్ని ఎలా ఆపాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మా ఇంట్లో రెండు దారులూ చూశాం కాబట్టి నాకు అర్థమైంది చెబుతాను.

ప్రకటనలు కంటపడకుండా చేయడమే మంచిదనేవాళ్ల మాటలో బలముంది. కెనడాలోని క్యూబెక్‌లో 13 ఏళ్ల లోపు పిల్లలకు గురిపెట్టిన వ్యాపార ప్రకటనలను 1980 నుంచి నిషేధించారు, ఒక బొమ్మల కంపెనీ కోర్టుకెక్కితే 1989లో కెనడా సుప్రీంకోర్టు కూడా నిషేధం వైపే నిలబడింది. అమెరికాలో 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, టీవీ తగ్గించిన బడి పిల్లలు బొమ్మలు అడగడం బాగా తగ్గించామని చెప్పారు, తల్లిదండ్రుల లెక్కలో మాత్రం అంత తేడా కనపడలేదు.

మేమూ వీడియోల కోసం డబ్బు కట్టి ప్రకటనలు రాని ప్లాన్ తీసుకున్నాం. మధ్యలో వచ్చే ప్రకటనలైతే పోయాయి, కానీ మావాడు చూసే వీడియోలే ప్రకటనలని మాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు ఇంటికి కొత్త టార్చిలైటు తెస్తే, ఐదేళ్ల చిన్నవాడు దాని పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా కెమెరా ఉన్నట్టు గోడవైపు చూస్తూ "ఫ్రెండ్స్, ఇందులో ఏముందో చూద్దామా" అంటూ మెల్లగా మూత తీశాడు. నాకు గుండె జారిపోయింది. బొమ్మల పెట్టెలు విప్పి చూపించే వీడియోలో ఇక్కడివరకు ఆట, ఇక్కడినుంచి ప్రకటన అనే గీత ఉండదు. ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఈ ఒక్క విషయమే. గీతే లేనప్పుడు ఏ ప్లాన్ కొని ఏం ఆపగలం?

అందుకే నా ఓటు పక్కన కూర్చోవడానికి, కానీ వయసు చూసుకోవాలి. 8 ఏళ్ల లోపు పిల్లలకు ప్రకటన మనల్ని ఒప్పించడానికే తీస్తారన్న సంగతి సరిగా పట్టుబడదని అమెరికా మనస్తత్వ నిపుణుల సంఘమైన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ బృందం 2004లోనే చెప్పింది. వాళ్లకు ఎంత వివరించినా లాభం లేదు, చూసే సమయం తగ్గించడమే దారి. మా పెద్దవాడికి తొమ్మిదేళ్లు. వాడు ఒక కారు బొమ్మ కోసం వారంపాటు వెంటపడితే, కంపెనీ పేజీలో రాసిన కొలత చూసి స్కేలు పెట్టి కాగితం మీద గీయించాను. తెరమీద గది నిండా తిరిగిన కారు వాడి అరచేతిలో పట్టేంతే ఉంది! కింద చిన్న అక్షరాల్లో బ్యాటరీలు వేరుగా కొనుక్కోవాలని ఉంది, అదీ వాడిచేతే చదివించాను. వాడు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. నేను వద్దనలేదు, వాడే మళ్లీ అడగలేదు. ముందైతే నాలుగైదుసార్లు కాదని, విసిగిపోయి కొనేసేదాన్ని, డబ్బు పోయేది అక్కడే.

నెలకింతని పాకెట్ మనీ ఇచ్చి నువ్వే కొనుక్కో అనడం పదేళ్లు దాటాక పనికొస్తుంది. గట్టిగా వద్దనడమూ ఒక పద్ధతే, కాకపోతే ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి.

మాలా వేర్వేరు వయసుల పిల్లలున్నవాళ్లు హాల్లో టీవీని చిన్నవాడి లెక్కన నడపండి. చిన్నవాడు నిద్రపోయాక పెద్దవాడితో విడిగా కూర్చోండి, రోజూ అక్కర్లేదు, వాడు ఏదైనా కొత్తది అడిగిన రోజు చాలు.