అమ్మతో ట్రియానా: లాస్ పాల్మాస్ పాత బజారులో మా రోజులు

స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లో ఒకటైన గ్రాన్ కనారియా వెళ్తున్నామని చెప్పగానే డబ్లిన్‌లో మా ఆఫీసువాళ్ళందరూ దక్షిణాన ఉన్న ఇసుకదిబ్బల గురించే చెప్పారు. మేము మాత్రం ఐదు రాత్రులూ రాజధాని లాస్ పాల్మాస్‌లోనే ఉన్నాం, అందులో మూడు ట్రియానా అనే పాత బజారు పక్కన. వెళ్ళింది జనవరి చివర్లో, నేను, మా ఆయన, విజయవాడ నుంచి మా దగ్గరికి వచ్చిన అమ్మ. అమ్మకి 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి ఉంది, పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. బస, తిండి గురించి నేను చెప్పేదంతా ఈ లెక్కలోనే చదవండి.

ఎయిర్‌పోర్టు నుంచి 60 నంబరు బస్సు నేరుగా ట్రియానా చివర ఉన్న సాన్ తెల్మో స్టేషన్‌కి వస్తుంది, టికెట్టు మూడు యూరోల లోపే. టాక్సీ అవసరమే లేదు. బస్సుని ఇక్కడ గ్వాగ్వా అంటారు, బోర్డుల మీద కూడా అలాగే ఉంటుంది.

మొదటి రెండు రాత్రులు లాస్ కాంతెరాస్ బీచ్ దగ్గర ఉన్నాం, చాలామంది దిగేది అక్కడే. బీచ్ చాలా బాగుంది, నీళ్ళలో ఉన్న రాతి గట్టు చాలాచోట్ల అలల్ని ఆపేస్తుంది కాబట్టి అక్కడ పిల్లలున్నవాళ్ళకి భయం తక్కువ. రెండో రోజు మధ్యాహ్నం అక్కడి నుంచి 1 నంబరు సిటీ బస్సెక్కి ట్రియానా చూద్దామని వచ్చాం. మూడు గంటల సమయం. చిన్న షాపులన్నీ షట్టర్లు దించి ఉన్నాయి, తెరిచి ఉన్నవి ఏ ఊళ్ళో అయినా కనిపించే పెద్ద బట్టల కంపెనీలవే, అన్నింటికీ డిస్కౌంటు బోర్డులు. అమ్మ ఒక బెంచీ మీద కూర్చుని "దీనికోసమా ఇంత దూరం వచ్చింది?" అంది. ఆ పూట నాక్కూడా సమాధానం దొరకలేదు.

మర్నాడు సామానుతో ట్రియానా పక్క సందులోకి మారాం. అక్కడొక చేదు అనుభవం అయింది. బుకింగ్‌లో లిఫ్టు ఉందని రాశారు, వెళ్ళి చూస్తే అది ఎన్నాళ్ళుగానో పనిచేయడం లేదు, మా గది మూడో అంతస్తులో. అమ్మ మెట్టుకో నిమిషం ఆగుతూ ఎక్కుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గట్టిగా అడిగితే సాయంత్రానికి మొదటి అంతస్తులో వేరే గది ఇచ్చారు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా పాత ఇళ్ళల్లో బస తీసుకునేవాళ్ళు లిఫ్టు పనిచేస్తుందా అని ముందే రాసి అడగండి. గది మాత్రం ఎంత బాగుందంటే, ఎత్తైన పైకప్పు, చెక్క కిటికీలు, లోపల మొక్కలు పెట్టిన చిన్న ముంగిలి.

పొద్దున తొమ్మిదిన్నరకి కిందికి దిగాం, అప్పుడు కనిపించింది అసలు వీధి. ట్రియానా పొడవు కిలోమీటరు లోపే, వాహనాలు ఉండవు, కింద రాళ్ళు పరిచి ఉంటాయి, అమ్మ నడకకి ఇబ్బంది లేదు. ఇక్కడ తల ఎత్తి నడవాలి. కింద అంతస్తులో చెప్పుల షాపు ఉంటుంది, దాని పైన వందేళ్ళ నాటి ఇల్లు, రాతిలో చెక్కిన పూలు, లతల్లా వంపులు తిరిగిన ఇనుప బాల్కనీలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రేవు వ్యాపారంతో డబ్బు చేసినవాళ్ళు కట్టించుకున్నవి. ఒకప్పుడు సముద్రం ఈ వీధి వెనక దాకా ఉండేది, సాన్ తెల్మో పార్కు ఉన్నచోట పడవల రేవు ఉండేది. ఇప్పుడున్న బీచ్ రోడ్డంతా సముద్రాన్ని పూడ్చి వేసింది. సాన్ తెల్మో అంటే నావికులు కొలిచే క్రైస్తవ సాధువు, ఆయన పేరు మీదున్న చిన్న చర్చి పార్కులో ఇంకా ఉంది. దాని దగ్గర్లో రంగు రంగుల పెంకులు అతికించిన పాత కాఫీ కియోస్కు ఉంది, అక్కడ 'లేచె ఇ లేచె' అడగండి, కాఫీలో మామూలు పాలతో పాటు కండెన్స్‌డ్ మిల్క్ కూడా పోస్తారు. యూరప్ వచ్చాక తాగిన మొదటి మంచి కాఫీ ఇదేనని అమ్మ నాతో అంది, మిగతా రోజులన్నీ పొద్దున అక్కడే.

అసలు మజా పక్క వీధుల్లో. కానో వీధి, పెరెగ్రీనా వీధి, మాల్టా వ్యాపారుల పేరు మీదున్న మాల్టేసెస్ వీధి. దొమింగో జె. నవారో వీధిలో ద్వీప ప్రభుత్వం నడిపే చేతిపనుల దుకాణం ఉంది, పేరు ఫెదాక్. తాటాకు బుట్టలు, మట్టి కుండలు, పిడికి ఎముకా లోహమూ పొదిగిన కనారియా కత్తులు, తింప్లె అనే అయిదు తీగల చిన్న వాయిద్యం. కత్తులు ఖరీదే, బుట్టలు అందుబాటులో ఉన్నాయి. మీరు ఈ ఊళ్ళో ఒక్కచోటే డబ్బు పెట్టదలిస్తే ఈ ఫెదాక్‌లోనే పెట్టండి, ట్రియానా మెయిన్ రోడ్డు మీద ఫ్రిజ్ మాగ్నెట్ల కోసం కాదు.

ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో ఫోన్ కవరు కొంటుంటే లోపలి పెద్దాయన అమ్మ చీర చూసి హిందీలో పలకరించారు. "మా తాతది హైదరాబాద్, మాతాజీ" అన్నారు. అమ్మ మొహం వెలిగిపోయింది, "అయ్యో, మాది విజయవాడ, పక్కనే కదా" అని వచ్చీరాని హిందీలో మొదలుపెట్టేసింది. ఆయన చెప్పింది సింధు ప్రాంతంలోని హైదరాబాద్. 1852లో ఈ దీవుల రేవుల్ని సుంకాల నుంచి మినహాయించారు, ఆ తర్వాత ఆ శతాబ్దం చివర్లో సింధీ వర్తకులు పట్టు బట్టలు, అలంకార వస్తువులతో వచ్చి స్థిరపడ్డారు. హైదరాబాద్ ఏదైతేనేం అన్నట్టు ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, కవరు మీద రెండు యూరోలు తగ్గించారు కూడా.

కానో వీధిలోనే రచయిత బెనీతో పెరెస్ గాల్దోస్ పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. 1843లో ఇక్కడ పుట్టి, 1862లో చదువుకోసం మాడ్రిడ్ వెళ్ళిపోయాడు, స్పానిష్ నవలకి ఎంతో పెద్ద పేరు. ఆయన పుస్తకం ఒక్కటీ చదవకపోయినా ఇల్లు చూడొచ్చు, నడిమి ముంగిలి, చుట్టూ చెక్క వసారా, మా అమ్మమ్మ మండువా ఇల్లు గుర్తొచ్చింది. సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఊళ్ళో కొత్త థియేటర్ సముద్రం ఒడ్డునే కడతామంటే కుర్రవాడైన గాల్దోస్ కోపం వచ్చి, నాటకం మధ్యలో చేపలు లోపలికి ఈదుకొచ్చినట్టు వ్యంగ్య చిత్రాలు గీశాడు. థియేటర్ అక్కడే కట్టారు, తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. 1918లో కాలిపోతే 1928లో మళ్ళీ తెరిచారు, లోపలి అలంకరణ నెస్తోర్ అనే స్థానిక చిత్రకారుడిది. ట్రియానా దక్షిణపు కొసన ఇప్పటికీ ఉంది. లోపలికి వెళ్ళడానికి మాకు వీలు పడలేదు, ఆ లోటు నాకింకా ఉంది.

థియేటర్ పక్కన పెద్ద రోడ్డు దాటితే వెగేటా అనే పాత పేట. ఆ రోడ్డు కింద గినిగ్వాడ అనే వాగు ఉంది, దాన్ని కప్పేసి రోడ్డు వేశారు. 1478లో ఊరు మొదలైంది అవతలి ఒడ్డున, చర్చి, అధికారులు అటు, వర్తకులు, నావికులు ఇటు. సాంతా అనా కతీడ్రల్ లోపలి స్తంభాలు పైన తాటిచెట్లలా విచ్చుకుంటాయి, గోపురం మీదికి లిఫ్టు ఉంది (ఇది పనిచేసింది), పై నుంచి ఊరూ సముద్రమూ ఒక్కసారే కనిపిస్తాయి, అమ్మ కిందికి రానంది. కొలంబస్ పేరు మీదున్న మ్యూజియం భవనం అందమైనదే కానీ లోపల చదివే పలకలు ఎక్కువ, అలసిపోయినవాళ్ళు ముంగిళ్ళు చూసి వచ్చేయొచ్చు. మాకు ఎక్కువ నచ్చింది మ్యూసెయో కనారియో, స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఇక్కడ బతికినవాళ్ళ మట్టి ముద్రలు, పనిముట్లు, మమ్మీలు ఉన్నాయి. పుర్రెలు వరుసగా పెట్టిన గది ఉంది, అమ్మ అందులోకి రాలేదు, చిన్నపిల్లలున్నవాళ్ళు ఆలోచించుకోండి.

తిండి విషయం జాగ్రత్తగా చదవండి. పాపాస్ అర్రుగాదాస్ అంటే చిన్న బంగాళాదుంపల్ని తొక్కతోనే బాగా ఉప్పేసిన నీళ్ళల్లో, తొక్క ముడతలు పడేదాకా ఉడికిస్తారు, మోహో అనే పచ్చడితో ఇస్తారు. ఎర్ర మోహోలో వెల్లుల్లి, జీలకర్ర, మిరప, నూనె, వెనిగర్ ఉంటాయి, అమ్మ వేలితో నాకి చూసి "కాస్త కారం తక్కువైంది గానీ మన పచ్చడే" అంది. కాల్చిన చీజ్ కూడా బాగుంటుంది. కానీ ఆకుకూర సూప్‌లా కనిపించే 'పొతాహె దె బెర్రోస్'లో మామూలుగా పంది మాంసం వేస్తారు, వేయించిన ధాన్యం విసిరిన గోఫియో పిండితో చేసే 'ఎస్కల్దోన్' చాలాచోట్ల చేపల పులుసులో కలుపుతారు, బాదం తీపి 'బియెన్‌మెసాబె'లో గుడ్డు సొన ఉంటుంది. ఒక హోటల్లో కూరగాయల వంటకమేనని చెప్పి తెచ్చిన ప్లేటులో ట్యూనా ముక్కలు వచ్చాయి, ట్యూనాని వాళ్ళు మాంసం లెక్కలోకి తీసుకోలేదు. అందుకే "వెజిటేరియన్" అని ఊరుకోకుండా మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడివిడిగా చెప్పండి. వెగేటా మార్కెట్లో చిట్టి అరటిపళ్ళు, బొప్పాయి దొరుకుతాయి, మా రెండు పూటలు వాటితోనే గడిచాయి.

గురువారం రాత్రి వెగేటా సందులన్నీ తపాస్ అనే చిరుతిళ్ళు తినేవాళ్ళతో నిండిపోతాయి, చాలా బాగుంటుంది, కానీ ఆ వీధుల్లోనే గది ఉంటే నిద్ర ఉండదు. ట్రియానా వైపు గదికి ఆ చప్పుడు రాలేదు. పిల్లలుంటే, ఈత ముఖ్యమనుకుంటే బీచ్ దగ్గరే ఉండండి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు, ఊరు చూడాలనుకునేవాళ్ళు మాత్రం ట్రియానా పక్కన కనీసం రెండు రాత్రులు తీసుకోండి, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా తిరిగి, షాపులు మూసే వేళకి గదికొచ్చి పడుకుని, అయిదు తర్వాత మళ్ళీ దిగండి. ఆదివారం లెక్కలో వేసుకోకండి, ఎక్కువ షాపులు తెరవరు.

చివరి సాయంత్రం ఆరున్నరకి దీపాలు వెలిగేవేళ అమ్మ అదే బెంచీ మీద కూర్చుంది. స్కూలు పిల్లలు బంతి ఆడుతున్నారు, ముసలివాళ్ళు జంటలుగా తయారై నడకకి వచ్చారు, ఎదురింటి బాల్కనీలో ఒకావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. నేను బస్సుకి టైమవుతోందని రెండుసార్లు పిలిచాను. "ఉండవే, ఆవిడ ఆ చివరి కుండీకి కూడా పోయనీ" అంది.