అనుభవమా, తర్కమా: వంటింట్లో ఒకటి, వీధి గుమ్మంలో ఇంకొకటి

నిప్పు లేనిదే పొగ రాదంటాం. ఈ సామెతను ఎక్కువగా వాడేది పక్కింటివాళ్ల మీద వచ్చిన పుకారును నమ్మడానికే అనుకోండి. మన తార్కికులు మాత్రం ఆ ఒక్క మాట పట్టుకుని వందల ఏళ్లు వాదించుకున్నారు. మనకు ఏదైనా తెలిసిందంటే అది కళ్ల పుణ్యమా, బుద్ధి పుణ్యమా?

17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతోనే ఇప్పటికీ చాలామంది తర్కం చదవడం మొదలుపెడతారు. అందులో ఉదాహరణ ఇదే. దూరాన కొండ మీద పొగ కనబడింది. అక్కడ నిప్పుందని ఎలా తెలిసింది? వంటింట్లో పొగనూ నిప్పునూ కలిపి పదే పదే చూశాం కనుక. కొండ మీది నిప్పును పట్టిచ్చింది తర్కమే, కానీ దానికి పెట్టుబడి పెట్టింది వంటింటి పొయ్యి. (మా ఇంట్లో ఇప్పుడున్నది ఇండక్షన్ పొయ్యి. పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పాలంటే ముందు కట్టెల పొయ్యి బొమ్మ చూపించాలి.)

సరే, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండును చూడమన్నారు వాళ్లు. నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవ్వాలని తేల్చారు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. రోజూ పొయ్యి ఊదేవాళ్లకు కూడా ఈ సంగతి తట్టకపోవచ్చు. ‘ఎప్పుడూ అంతేనా?’ అని అడిగింది తర్కం. జవాబు దొరికింది మాత్రం కొలిమి దగ్గర.

కంటికి కనబడిందే నిజమనే చార్వాకులు ఇంకా మొండిగా అడిగారు: నువ్వు చూసింది నాలుగు పొయ్యిలు, లోకంలో ఉన్న పొగలన్నీ చూశావా? రేపటి పొగను చూశావా? 1739లో స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ అడిగిందీ దాదాపు ఇదే. కారణానికీ కార్యానికీ మధ్య ముడిని ఎవరూ చూడలేదు, ఒకదాని వెనుక ఒకటి రావడం చూసి చూసి మనసుకు అలవాటు పడిందన్నాడు. ఆయన వల్లే తనకు నిద్రమత్తు వదిలిందని చెప్పుకున్న జర్మన్ తత్త్వవేత్త కాంట్, 1781లో తన జవాబు చెప్పాడు: ఆ ముడి బయట దొరికేది కాదు, లోకాన్ని చూసే బుద్ధే దాన్ని తన వెంట తెచ్చుకుంటుంది. గొప్ప జవాబే. అయినా ఏ ముడి దేనికి వేయాలో తెలియాలంటే మళ్లీ పొయ్యి దగ్గరికి పోవలసిందే.

ఈ తగువులో ఒక ముక్కకు పరీక్ష కూడా జరిగింది. పుట్టుకతో చూపు లేని మనిషి బంతినీ ఘనాన్నీ చేత్తో తడిమి గుర్తుపడతాడు. అతనికి చూపు వస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? 1688లో ఐర్లాండ్ నుంచి మోలినో అనే ఆయన ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్‌కు రాసిన ప్రశ్న ఇది. చెప్పలేడనే ఇద్దరూ అనుకున్నారు. ఢిల్లీలో శస్త్రచికిత్సతో చూపు వచ్చిన ఐదుగురు పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. మొదట వాళ్లు చేత్తో తడిమిన వస్తువును కంటితో పోల్చుకోలేకపోయారు. కొద్ది రోజులు లోకాన్ని చూశాక పోల్చుకోగలిగారు. అందుకే తెలివి సంగతిలో నా ఓటు అనుభవానికే. తర్కం ఆ పక్కనే కూర్చుని లెక్కలు సరిచూస్తే చాలు.

నీతి దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను పార్టీ మారుస్తాను.

ఒకసారి స్నేహితుడి కోసం అద్దె ఇల్లు చూడబోయాం. ఇంటాయన గుమ్మంలోనే ఆపేశారు. “పెళ్లికాని కుర్రాళ్లకు ఇవ్వమండీ, అనుభవం మీద చెబుతున్నాను.” ఎంతమంది దెబ్బకొట్టారని అడిగాను. ఇద్దరట. ఒకడు రెండు నెలల అద్దె ఎగ్గొట్టాడు, ఇంకొకడు గోడనిండా మేకులు కొట్టాడు. మాటల్లో ఆయనే తన కొడుకు సంగతి ఎత్తారు. బెంగళూరులో ఉద్యోగం, పెళ్లి కాలేదని ఎవరూ ఇల్లివ్వక హాస్టల్లో అవస్థ పడుతున్నాడట.

నువ్వు పాటించే సూత్రం లోకమంతా పాటిస్తే నీకు సమ్మతమేనా అని 1785లో కాంట్ అడిగాడు. ఆ ప్రశ్న వేసుకోవడానికి ఇరవై మంది అద్దెదారులను చూసి ఉండనక్కరలేదు. నీతిలో అనుభవం ఎప్పుడూ ఒక పక్షం సాక్షే, ఇంటాయన అనుభవం ఇంటాయన తరఫునే మాట్లాడుతుంది. తర్కం మనిషిని కదిలించలేదు, అది రాగద్వేషాలకు దాసి మాత్రమే అంటాడు హ్యూమ్. నిజమే, ఇంటాయన గొంతు తగ్గింది కొడుకు మాట వచ్చినప్పుడే. కానీ ఆ బాధను గుమ్మం దాటించి, ఎదురుగా నిలబడ్డ నా స్నేహితుడి దాకా తీసుకురావాలంటే తర్కం కావాలి.

కాంట్‌తో చివరిదాకా నడవడమూ కష్టమే. చంపడానికి వెంటపడ్డవాడు ‘నీ స్నేహితుడు లోపలున్నాడా’ అని అడిగినా అబద్ధమాడకూడదని 1797లో వాదించాడు. మహాభారతంలో కర్ణపర్వంలోని కౌశికుడు సరిగ్గా ఆ పనే చేశాడు. సత్యవ్రతం తప్పకూడదని, పారిపోయినవాళ్లు దాక్కున్న చోటు దొంగలకు చెప్పేశాడు. దాక్కున్నవాళ్లు హతమయ్యారు, ఇతను నరకానికి పోయాడు. ప్రతిజ్ఞ కోసం ధర్మరాజు మీద కత్తి దూసిన అర్జునుడికి కృష్ణుడు చెప్పిన కథ ఇది. కౌశికుడు తపస్వే గానీ బహుశ్రుతుడు, అంటే ఎంతో విని నేర్చినవాడు, కాడని కూడా అన్నాడు. ఈ కథ చూపి తర్కాన్ని తిట్టేవాళ్లున్నారు. నాకు అలా తోచదు. కౌశికుడు తర్కించి చెడలేదు, వ్రతం చేతికి రాగానే తర్కించడం మానేసి చెడ్డాడు. దాక్కున్నవాడి స్థానంలో తానుంటే ఈ నియమాన్ని ఒప్పుకునేవాడా?

అర్జునుడు కత్తి దించాడు. మా స్నేహితుడికి మాత్రం ఆ ఇల్లు దొరకలేదు. వారం తరువాత అటు వెళితే, టులెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అని కొత్తగా రాసి ఉంది.