కొత్త సముద్రజీవిని ఊహించేటప్పుడు దాని తోడు ఒంటి లోపల ఉంటే మేలా, పక్కన ఉంటే మేలా?

కథ కోసం ఒక సముద్రజీవిని ఊహిస్తూ చాలా రోజులుగా బొమ్మలు గీస్తున్నాను, చెరిపేస్తున్నాను. అది ఒంటరిగా బతికేది కాకూడదని మొదటి రోజే అనుకున్నాను. ఇంకో ప్రాణి తోడు లేకపోతే దానికి పూట గడవకూడదు. ఎంతకీ తేలనిది ఒక్కటే: ఆ తోడు దాని ఒంట్లోనే కాపురముండాలా, పక్కన వేరే ప్రాణిగా తిరగాలా? ఇది తేలితే ఆకారం, తిండి, భయాలు, పిల్లల సంగతి అన్నీ దాని వెంటే వస్తాయి. అందుకే రెండు రకాలనూ నిజమైన సముద్రంలో ఉన్నవాటి పక్కన పెట్టి చూసుకున్నాను.

మొదట నన్ను లాగింది ఎండతో బతికే జీవి. పగడం అలాంటిదే. దాని కణాల్లో ఉండే సూక్ష్మమైన నాచు ఎండతో ఆహారం తయారు చేసి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అందించగలదు. బదులుగా పగడం ఆ నాచుకు చోటిస్తుంది, తన వ్యర్థాలనే ఎరువుగా ఇస్తుంది. ఇంకేం, తిమింగలమంత జీవిని గీసి వీపు మీద ఒక అడవినే పెంచాను. బొమ్మ చాలా అందంగా వచ్చింది, లెక్క మాత్రం కుదరలేదు. ఒక జీవి అదే ఆకారంలో రెట్టింపు పొడవు పెరిగితే ఎండ తగిలే చర్మం నాలుగు రెట్లవుతుంది, పోషించాల్సిన ఒళ్లు ఎనిమిది రెట్లవుతుంది. పెరిగే కొద్దీ పంట చాలదన్నమాట. పైగా అది ఈదాలి. పగడాలకూ, రాకాసి ఆల్చిప్పలకూ ఈ పద్ధతి సరిపోతోందంటే అవి ఒకేచోట కదలకుండా ఉండటం పెద్ద కారణం. సుమారు 200 మీటర్ల లోతు దాటితే ఆహారం తయారు చేసుకునేంత వెలుగు ఉండదు కాబట్టి నా జీవి లోతుకు పోయి బతకనూ లేదు. తోటను మోసే జీవే కావాలనుకుంటే దాన్ని ఈదనివ్వకండి. దీవిలా పడి ఉండే జీవిగా ఊహిస్తే నమ్మేలా ఉంటుంది.

లోపలి తోడులోనే రెండో రకం దీనికి పూర్తిగా ఎదురు, ఎండతో పనే లేదు. 1977లో గాలపాగోస్ దీవుల దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతున, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్లకు వేడినీటి బుగ్గల చుట్టూ ప్రాణులు గుంపులుగా కనిపించాయి. వాటిలో రిఫ్టియా అనే గొట్టపు పురుగు రెండు మీటర్లకు పైగా పెరగగలదు. పెరిగాక దానికి నోరుండదు, పేగూ ఉండదు. ఎర్రటి కుచ్చులాంటి మొప్పలతో ఆక్సిజన్‌ను, బుగ్గలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును పీల్చి లోపలి బ్యాక్టీరియాకు పంపుతుంది. తిండి తయారు చేసేది అవే. వింతలో దీన్ని మించింది నాకు కనిపించలేదు. కానీ ఆ బుగ్గ ఆరిపోతే పురుగు పని అయిపోయినట్టే. అది లేచి ఇంకోచోటికి పోలేదు. పాత్రగా నడిపించాలంటే కష్టం.

లోపలి తోడులో నా మనసు నిలిచింది హవాయి బాబ్‌టెయిల్ స్క్విడ్ అనే, ఆక్టోపస్‌కు చుట్టమైన మెత్తటి జీవి దగ్గర. బొటనవేలంత ఉంటుంది. పగలు ఇసుకలో దాక్కుని రాత్రి వేటకు వస్తుంది. దాని పొట్టవైపు ఉన్న అవయవంలో వెలుగునిచ్చే బ్యాక్టీరియా ఉంటుంది. పైనుంచి పడే వెన్నెలకు సరిపడేలా కిందికి వెలుగు వదిలి తన నీడ కనపడకుండా చేసుకుంటుంది. తెల్లవారగానే ఆ బ్యాక్టీరియాలో 90 శాతానికి పైగా నీళ్లలోకి వదిలేస్తుంది! మిగిలినవి పగలంతా పెరిగి, రాత్రికి మళ్లీ దీపం సిద్ధం చేస్తాయి. గుడ్డులోంచి వచ్చే పిల్లకు ఈ తోడు ఉండదు. కొన్ని గంటల్లోనే, చుట్టూ ఉన్న నీళ్లలోని లెక్కలేనన్ని సూక్ష్మజీవుల్లోంచి సరైన దాన్ని తన లోపలికి రానివ్వాలి. ఇది చదివినప్పుడు, కథ రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. ప్రతి ఉదయం ఒక వీడ్కోలు, ప్రతి పిల్లకూ ఒక వెతుకులాట.

ఒక్క చిక్కు ఉంది. బ్యాక్టీరియాకు ముఖం లేదు. భయపడటం, అలగటం, మోసం చేయటం చూపించాలంటే రెండోవాళ్లు కూడా కంటికి కనపడాలి. లోపలి తోడు ఎంత గొప్పదైనా కథలో అది ఒక అవయవంలా మారిపోతుంది, ఇంకో ప్రాణి అన్న సంగతే పాఠకుడు మర్చిపోతాడు.

అక్కడే బయటి తోడు గెలుస్తుంది. పిస్టల్ రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతుంది, దానికి చూపు సరిగా ఆనదు. గోబీ అనే చిన్న చేపకు చూపు బాగుంటుంది, బొరియ తవ్వడం రాదు. ఇద్దరూ ఒకే బొరియలో ఉంటారు. రొయ్య ఇసుక మోసుకుని బయటికి వచ్చినంతసేపూ ఒక మీసాన్ని చేపకు ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే చేప తోక ఆడిస్తుంది, మీసానికి ఆ కదలిక తెలియగానే రొయ్య లోపలికి దూరుతుంది. గుడ్డివాడు కుంటివాణ్ణి భుజాన ఎక్కించుకున్న కథ మనందరికీ తెలుసు, కానీ ఇక్కడ నమ్మకమంతా ఒక్క మీసం మొన మీద నిలబడి ఉంది. చేప ఒకసారి పొరపాటున తోక ఆడించకపోతే? రొయ్యకు మీసం విరిగితే? ఒక్కో ప్రశ్నా ఒక్కో సన్నివేశం.

బయటి తోడు అనగానే ఇద్దరికీ సమానంగా లాభం రాసెయ్యాలనుకోకండి. 1879లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ సహజీవనాన్ని వివరించినప్పుడు, వేర్వేరు జాతులు కలిసి బతకడం అనే అన్నాడు, పరాన్నజీవనాన్నీ అందులోనే కలిపాడు. బాక్సర్ పీతనే చూడండి. రెండు డెక్కల్లో రెండు చిన్న సీ అనిమోన్లను (పువ్వుల్లా కనిపిస్తూ కుట్టే సముద్రప్రాణులను) పట్టుకుని శత్రువుల మీద ఝుళిపిస్తుంది. వాటికి దొరికే తిండిని తానే లాక్కుని వాటిని పెరగనివ్వదు. ఒకటి పోతే మిగిలినదాన్ని రెండుగా చీలుస్తుంది, రెండు ముక్కలూ మళ్లీ రెండు ప్రాణులవుతాయి. తోడా, బానిసత్వమా? కల్పనలో ఈ అనుమానాన్ని అలాగే ఉంచితే జీవి ఇంకా నిజంలా ఉంటుంది.

ఇక నా తీర్పు. ఆటలోనో చిత్రకథలోనో ఒక్కసారి కనిపించి ఆశ్చర్యపరిచి వెళ్లిపోయే జీవికి లోపలి తోడే మేలు. ఒక్క చూపులో వింతంతా తెలిసిపోతుంది, నోరు లేని ముఖం చాలు. పదిహేను అధ్యాయాలు నడవాల్సిన జీవికి మాత్రం బయటి తోడే కావాలి. నేను దాన్నే ఎంచుకున్నాను, కానీ స్క్విడ్ దగ్గర ఒకటి అప్పు తెచ్చుకున్నాను: పిల్లలు తోడు లేకుండా పుట్టడం.

ఇప్పుడు నా బొమ్మలో ఉన్నది సముద్రపు అడుగున సొరంగాలు తవ్వే పెద్ద గుడ్డి జీవి. దాని మెడ చుట్టూ పొడవైన మీసాలు. వాటిలో ఒకదాని చివరన అరచేతిలో పట్టేంత చేప. పక్కనే నిన్న పుట్టిన పిల్ల ఒకటి, తన మీసాలన్నీ ఖాళీ నీళ్లలోకి చాచి ఉంది.