టవర్ క్లాక్ దగ్గరి పాత పుస్తకాల అంగడి

మా పాప డిగ్రీ పుస్తకాల కోసం పోయిన శనివారం అనంతపురంలో ఈ అంగడికి పోయినాను. గైడ్ల కుప్ప కింద అట్ట చిరిగిన ఆస్ట్రేలియా చరిత్ర పుస్తకం ఒకటి దొరికింది. "యాభై ఇయ్యన్నా" అన్నాడు అంగడాయన. బేరమాడకుండా ఇచ్చేసినాను.

అందులో జేమ్స్ రూస్ అనే ఖైదీ కథ ఉంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ వాడు. దొంగతనానికి 1782లో 7 ఏళ్ల ద్వీపాంతర శిక్ష పడింది. ఏళ్ల తరబడి పాత ఓడ జైల్లో మగ్గి, 1788లో సిడ్నీ చేరినాడు. అక్కడ తిండికే కరువు. సిడ్నీకి పడమర ఉన్న పర్రమట్టా దగ్గర గవర్నర్ ఫిలిప్ ఇతనికి కొంచెం నేల ఇచ్చి చూసినాడు. నాగలి లేదు. చెట్లు కాల్చి బూడిద మట్టిలో కలిపినాడు, పారతో తవ్వి గడ్డల్ని ఎండకూ గాలికీ వదిలినాడు, తర్వాత గడ్డీ కలుపూ కిందికి పోయేలా తిరగదవ్వి విత్తినాడు. 1791లో సర్కారు రేషన్ ఇక వద్దన్నాడు. 30 ఎకరాల పట్టా వచ్చింది.

మాది శెనక్కాయ వేసే ఎర్రనేల. వేసవి దుక్కి చేసి గడ్డలు ఎండబెట్టడం మా నాయన నేర్పిన పని. ఆ పేజీ చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అయితే ఆ నేల అసలు అక్కడి ఆదివాసులైన దారుగ్ జనాలది, వాళ్ల గోడు ఒక్క వాక్యంలో దాటేసినారు. అది నచ్చలేదు.

లోపల వెలుతురు తక్కువ, పేజీలన్నీ చూసుకుని కొనండి. నా దాంట్లో రెండు లేవు. చెబితే మారుమాట లేకుండా 20 రూపాయలు తిరిగిచ్చినాడు.