ఆరు కిలోల సంచి, మూడు చలి రాత్రులు

డిసెంబరు మూడో వారంలో నేనూ మా బావమరిదీ సోమశిల, అచ్చంపేట, డిండి తిరిగివచ్చాం. ఒక్కొక్కరి సంచి ఆరు కిలోలు దాటకూడదని పందెం. దాని కోసం నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, కింద పరుచుకునే ఫోమ్ చాపను భుజాల నుంచి తుంటి వరకే ఉంచి మిగతాది కత్తెరతో కోసేయడం. వంద గ్రాములు తగ్గాయని ఎంత మురిసిపోయానో!

కొల్లాపూర్ నుంచి ఆటోలో సోమశిల చేరేసరికి పొద్దు వాలింది. శ్రీశైలం జలాశయం నీళ్లతో కృష్ణ అక్కడ నది అని చెప్పలేనంత వెడల్పుగా ఉంటుంది. పిల్లాపాపలతో వెళ్లేవారు పర్యాటక శాఖ కాటేజీలు చూసుకోవడమే మేలు. మేము ఒక రైతును అడిగి, నీటి పక్కనే ఆయన చేలో గుడారం వేశాం. కళ్లకు అంత మంచి చోటు, నిద్రకు అంత చెడ్డ చోటు మరొకటి ఉండదు. చల్లటి గాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి దిగి అక్కడే కూర్చుంటుంది. దానికి తోడు ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, పగటి వేడిని నిలిపే దుప్పటి లేనట్టే.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. జిప్పులన్నీ బిగించడం వల్ల మా ఊపిరే గుడారం లోపల చుక్కలు కట్టి ముఖం మీద పడుతోంది. పైన స్లీపింగ్ బ్యాగు బాగానే ఉంది, కాళ్ల కిందే నేల జిల్లుమంటోంది. ఒంటి బరువుకు బ్యాగు అడుగున దూది అణిగిపోతుంది. అణిగిన దూదిలో గాలి నిలవదు, గాలి లేనిచోట వెచ్చదనమూ ఉండదు. అక్కడ కాపాడవలసింది చాపే. నా చాపలో సగం ఇంటి దగ్గర చెత్తబుట్టలో ఉంది. బావమరిది మాత్రం నిండు చాప మీద గురక పెడుతున్నాడు.

మర్నాడు మన్ననూరు దాకా వెళ్లాం. అది పులుల అభయారణ్యం, ఇష్టం వచ్చినచోట గుడారం వేస్తామంటే కుదరదు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అడవి దారిలో వాహనాలనూ వదలరు. అచ్చంపేటకు తిరిగివచ్చి ఒక లాడ్జిలో దిగాం. మంచం ఉంది, కిటికీకి అద్దం లేదు. రెండో దుప్పటి అడిగితే అద్దె వేరన్నారు. అట్టపెట్టె తెచ్చి కిటికీకి కట్టిన కుర్రవాడు మాత్రం బంగారం.

మూడో రాత్రి డిండి దగ్గర, జలాశయానికి దూరంగా, కాస్త మెట్టన ఉన్న మామిడితోటలో. ఎరువు కోసం పక్క చేలో గొర్రెల మంద పెట్టించుకున్నారు. కాపరి పెద్దాయన నా అరచాపను వేలితో ఎత్తి చూసి, "మీద ఎన్ని కప్పుకుంటే ఏం లాభం సారూ, చలి కింద నుంచి కదా వస్తుంది" అని మందంగా వరిగడ్డి పరిచాడు. ఆయన గొంగడి చేత్తో తూచి చూశాను, నా సంచిలో మూడో వంతు బరువుంటుంది. మంచుకు పైన తడిసినా లోపల వెచ్చగానే ఉంటుందట.

ఆ రాత్రి ఇంకొన్ని దిద్దుకున్నాను. పడుకునే ముందు వేరుశనగపప్పు, బెల్లం తిన్నాను. నడిచిన మేజోళ్లు విప్పి పొడివి తొడుక్కున్నాను. గుడారం పైన నాలుగు వేళ్ల సందు వదిలాను. మామూలు స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడు తొడిగి, తొడల మధ్య పెట్టుకున్నాను. ఇదంతా చూసి బావమరిది తన థర్మోస్ ఫ్లాస్కును కౌగిలించుకుని పడుకున్నాడు. వేడిని బయటకు వదలకపోవడమే దాని పని అని తెల్లవారాక గాని అతనికి తట్టలేదు.

నేను ఏడింటి వరకు కదలలేదు. ముఖం కడుక్కుని వచ్చేసరికి, గుడారంలోకి తలలు దూర్చి రెండు మేకలు నా పరుపును తింటున్నాయి.