కళ్లజోళ్ల దుకాణంలో ఉచిత కంటి పరీక్ష: దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అనుభవం

కోఠి, అబిడ్స్ మొదలుకొని కూకట్‌పల్లి దాకా హైదరాబాద్‌లో కళ్లజోళ్ల దుకాణం లేని బజారు లేదు. ‘కంటి పరీక్ష ఉచితం’ అన్న బోర్డు లేని దుకాణమూ అరుదే. అయితే ఆ పరీక్షలో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అన్నది ఏ బోర్డు మీదా ఉండదు. ఇటీవల మా మేనత్తను వెంటబెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక మధ్యతరహా దుకాణానికి వెళ్లాను. ఈ సమీక్ష ప్రధానంగా అక్కడ జరిగిన పరీక్ష గురించే. ఫ్రేముల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అన్నిచోట్లా దొరికేవే అక్కడా ఉన్నాయి.

ముందుగా గడ్డం ఆనించి లోపల కనిపించే బొమ్మను చూడమనే యంత్రం దగ్గర కూర్చోబెట్టారు. ఆటోరిఫ్రాక్టోమీటర్ అనే ఈ యంత్రం క్షణాల్లో ఒక చీటీ మీద అంకెలు అచ్చువేసి ఇస్తుంది. ఆ చీటీనే తుది మాటగా తీసుకొని అద్దాలు కోసేసే దుకాణాలు నగరంలో ఉన్నాయి. ఇక్కడ చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు మాత్రం ఆ అంకెలను ఆరంభంగానే తీసుకొని, ఒక కన్ను మూసి, రెండో కంటి ముందు గాజులు ఒక్కొక్కటిగా మారుస్తూ, ఏది స్పష్టంగా ఉందో ఓపికగా అడిగి తేల్చారు. గది చిన్నది కావడంతో ఎదుటి గోడకు అద్దం బిగించి, తల వెనుక ఉన్న అక్షరాల పట్టికను అందులో చూపించారు. ఆరు మీటర్ల దూరం అవసరమైన పరీక్షను మూడు మీటర్ల గదిలో చేయడానికి ఇది సరైన పద్ధతే. తెలుగు అక్షరాల పట్టిక కూడా ఉండటం మా అత్తయ్యకు మేలు చేసింది. ఇంత శ్రద్ధగా చేసినా పిల్లల విషయంలో ఈ పరీక్ష చాలదు. పిల్లల కంటి కండరాలు చురుగ్గా బిగుసుకుంటాయి గనుక లేని మైనస్ పవర్ కూడా యంత్రంలో కనిపించవచ్చు. వారికి చుక్కల మందు వేసి, కండరాలు సడలిన తర్వాత డాక్టరు దగ్గర చూపించడమే సరైనది.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. అరవై దాటిన అత్తయ్యకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. “కొన్ని నెలలుగా పేపరు జోడు లేకుండానే చదువుతున్నాను బాబూ, చత్వారం పోయినట్టుంది, దూరానికి మాత్రం ఇవ్వు” అని ఆమె సంతోషంగానే చెప్పింది. ఆ మాట వినగానే ఆప్టోమెట్రిస్టు షుగరు ఎంత ఉందో, కళ్ల లోపల చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో అడిగి, సన్నని రంధ్రమున్న నల్లని రేకును కంటి ముందు పెట్టి మళ్లీ చదివించారు. చూపు మందగించడానికి కారణం పవర్ మాత్రమే అయితే ఆ రంధ్రంలోంచి చూసినప్పుడు అక్షరాలు తేటపడతాయి. తేటపడకపోతే అద్దాలతో తీరని లోపం ఏదో ఉన్నట్టు అనుమానించాలి. అత్తయ్య కుడి కంటికి ఏమీ తేడా కనిపించలేదు. “అమ్మా, నేను జోడు ఇచ్చినా ఈ కంటికి ఉపయోగపడదు. ముందు మందు వేసి లోపల చూపించుకోండి, అద్దాల సంగతి తర్వాత చూద్దాం” అని ఆయన ఒక కాగితం మీద తాను చూసినదంతా రాసి ఇచ్చారు. అద్దాలు అమ్ముకునేవాడు అద్దాలు వద్దంటాడేమిట్రా అని అత్తయ్య దారి పొడుగునా విసుక్కుంది.

ఆయన అనుమానించినది సరైనదే. వయసు మీద పడ్డాక చత్వారం దానంతట అదే తగ్గిందంటే చాలామందిలో అది శుక్లం ముదురుతున్న సూచన. కంటిలోని కటకం మధ్యభాగం గట్టిపడి, పవర్ మైనస్ వైపు జరగడం వల్ల దగ్గరి చూపు కొంతకాలం మెరుగైనట్టు అనిపిస్తుంది, దూరపు చూపు మాత్రం తగ్గుతుంది. రక్తంలో షుగరు బాగా పెరిగినప్పుడు కూడా కటకం పవర్ మారుతుంది గనుక, అదుపులోకి రాకముందే చేయించుకున్న జోడు కొద్ది వారాలకే పనికిరాకుండా పోవచ్చు. వీటికంటే ముఖ్యమైనది కంటి లోపల వెనుక ఉండే పొర, రెటీనా సంగతి. షుగరు వల్ల రెటీనాలో వచ్చే మార్పులు చాలాకాలం నొప్పి లేకుండా, చూపు తగ్గకుండానే ముదురుతాయి. అందుకే షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటిపాపలు పెద్దవయ్యే మందు వేయించుకొని పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెబుతారు. అత్తయ్యకు ఆసుపత్రిలో శుక్లం, రెటీనాలో షుగరు మార్పులు రెండూ ఉన్నట్టు తేలింది.

దుకాణంలో జరిగే పరీక్షకు అందని మరో జబ్బు నీటికాసులు (గ్లకోమా). ఇందులో పక్కచూపు ముందుగా పోతుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. కాబట్టి పట్టికలోని చిట్టచివరి వరుస చదివినవారికీ ఈ జబ్బు ఉండవచ్చు. కంటిలోని ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది, కాని ఒత్తిడి ఆ హద్దులోనే ఉన్నా కంటి నరం దెబ్బతినే సందర్భాలున్నాయి గనుక నరాన్ని కూడా చూడాలి. పోయిన చూపు తిరిగి రాదు. నలభై దాటినవారు, ముఖ్యంగా తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉన్నవారు, పవర్ మారలేదన్న ధీమాతో ఊరుకోకూడదు.

పరీక్ష గదిలో కనిపించిన నిజాయితీ అమ్మకాల బల్ల దగ్గర కనిపించలేదు. కంప్యూటరు ముందు పనిచేసే నాకు నీలి కాంతిని ఆపే అద్దాలు తప్పనిసరి అంటూ అక్కడి కుర్రవాడు పట్టుబట్టాడు. అలాంటి అద్దాల వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి తగిన ఆధారం లేదని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష తేల్చింది. ఏసీ గదుల్లో తెర చూస్తూ రెప్పలు తక్కువగా ఆర్పడం వల్ల కళ్లు పొడిబారి మండుతాయి. దానికి మధ్యమధ్య దూరంగా చూడటం, అవసరమైతే డాక్టరు చెప్పిన కన్నీటి చుక్కలు వాడటం సరిపోతాయి.

కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు ఈ దుకాణానికే కాదు, ఏ దుకాణానికీ వెళ్లి సమయం పోగొట్టుకోకూడదు. కంటి ముందు ఒకటి రెండు నల్లని చుక్కలు ఏళ్ల తరబడి తేలుతుంటే సాధారణంగా భయం లేదు. అవి ఉన్నట్టుండి గుంపుగా పెరిగి, మెరుపులు కనిపించి, పక్క నుంచి తెర దిగుతున్నట్టు ఉంటే రెటీనా ఊడుతుండవచ్చు, అదే రోజు చూపించుకోవాలి. కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి పెడుతూ, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ, వాంతులు అవుతుంటే, పైత్యం చేసిందనుకొని మాత్ర మింగి పడుకునేవారున్నారు. అది కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరగడం వల్ల కావచ్చు. నొప్పి లేకుండా ఒక కంటి చూపు హఠాత్తుగా పోవడం, హఠాత్తుగా ఒకటి రెండుగా కనిపించడం, వాటితో పాటు మాట తడబడటం, మూతి వంకర పోవడం పక్షవాతం లక్షణాలు కావచ్చు గనుక, కంటి ఆసుపత్రి కంటే అన్ని విభాగాలున్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లడం మేలు. కంట్లో సున్నమో యాసిడో పడితే ఎక్కడికీ బయలుదేరకముందే ధారగా నీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోల్లో పసిపిల్లల ఒక కంటిపాప తెల్లగా మెరుస్తుంటే అది కంటి క్యాన్సర్ కూడా కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

ఎర్రకన్ను గురించి ఒక మాట. ఊసులు కట్టే కండ్లకలక చాలావరకు కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకబారినా, కాంటాక్టు లెన్సులు వాడుతున్నా అది కండ్లకలక కాకపోవచ్చు. ఆ స్థితిలో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తగ్గించి నల్లగుడ్డు మీది పుండును ముదరబెడతాయి.

ఆ దుకాణానికి నేను ఐదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తాను. ఒకటి తగ్గించింది అమ్మకాల బల్ల వద్ద చేసిన ఒత్తిడికి. ఎవరికైనా ఉన్న జోడు పాతబడి, చూపు నెమ్మదిగా తగ్గి, కంటిలో వేరే బాధ ఏదీ లేకపోతే అక్కడికి నిశ్చింతగా వెళ్లవచ్చు. లోపలి పరీక్షకు నగరంలో చోట్లకు కొదవ లేదు. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. పాపలు పెద్దవయ్యే మందు వేస్తే నాలుగైదు గంటలపాటు దగ్గరి చూపు మసకగా, ఎండ భరించలేనంతగా ఉంటుంది కాబట్టి, సొంత బండి మీద వెళ్లకుండా చలువ అద్దాలను, తోడుగా ఒక మనిషిని, వాడుతున్న మందుల చీటీని వెంట తీసుకువెళ్లాలి.